ఇల్లంతా అమ్మ తలలోనే ఉంటే ఎలా? (మీ ఉత్తరాలు, నా జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బాధ. పని ఎక్కువైందని కాదు, తలకి ఖాళీ లేదని. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. ఊరి పేరు తప్ప రాసినవాళ్ళ గుర్తులేవీ ఉంచలేదు.

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు ఉంటాం. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. బాబు మూడో తరగతి, పాప ఎల్‌కేజీ. మావారు రోజూ రైల్లో విశాఖ వెళ్ళొస్తారు. పొద్దున్న ఆరున్నరకి గడప దాటితే మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నరకే. అత్తయ్యగారు మాతోనే ఉంటారు, మంచి మనిషి, చేతనైనది చేస్తారు. అంట్లకీ ఇల్లు తుడవడానికీ మనిషి ఉంది. ఇన్ని ఉన్నా నాకెందుకో ఊపిరాడనట్టు ఉంటోంది. మొన్న క్లాసులో బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ, గ్యాస్ బుక్ చేశానా లేదా అని ఆగిపోయాను, పిల్లలంతా నా వంకే చూస్తున్నారు. రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచాను, ఏమిటంటే పాపకి పొద్దున్న ఎల్లో డే, పసుపు గౌను ఉతకలేదు. దసరా దగ్గర పడుతోంది, ఆ తర్వాత మా ఊరి పైడితల్లమ్మ పండగ సిరిమానుకి మావారి తరఫు చుట్టాలు పదిమందైనా వస్తారు, ఇప్పటినుంచే దుప్పట్లు లెక్కపెట్టుకుంటున్నాను. ఎవరికి చెప్పుకున్నా "తల్లులందరూ చేస్తున్నదేగా" అంటారు. లోపం నాలోనే ఉందా?

జవాబు: లేదమ్మా. మొదట ఆ మాట తీసి పక్కన పెట్టు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో "పని చెయ్యలేకపోతున్నాను" అని నువ్వు ఒక్కచోట కూడా రాయలేదు. గ్యాస్ బుక్ చెయ్యడానికి నిమిషం పట్టదు. గౌను ఉతకడానికి పది నిమిషాలు. నిన్ను నలిపేస్తున్నది ఆ నిమిషం కాదు, ఆ పని అయ్యేదాకా దాన్ని తలలో మోస్తూ తిరగడం. బోర్డు దగ్గర ఉన్నా, ఆటోలో ఉన్నా, నిద్రలో ఉన్నా మోస్తూనే ఉన్నావు. ఇంట్లో మిగతావాళ్ళు తలా ఒక పని చేస్తున్నారు, నిజమే. కానీ ఏ పని ఎప్పుడు కావాలో గుర్తుపెట్టుకునే మనిషివి నువ్వొక్కదానివే.

దీన్ని పైకి కనిపించే పని నుంచి వేరు చేసి చూసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో అల్లిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో విడివిడిగా మాట్లాడి 2019లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఇంటి విషయాల్లో తల చేసే పనిని ఆవిడ నాలుగు ముక్కలుగా చూశారు. ఏం అవసరం పడుతుందో ముందే పసిగట్టడం, దానికి దారులు వెతకడం, ఏది చెయ్యాలో తేల్చుకోవడం, చివరికి అయిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. తేల్చుకునే దగ్గర మాత్రం భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుంటున్నారట, ముందు పసిగట్టడం, వెనక కనిపెట్టుకోవడం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయట. నీ ఇల్లు కూడా చూసుకో. సిరిమానుకి ఎవరెవర్ని పిలవాలో మీ ఇద్దరూ కలిసే మాట్లాడుకుని ఉంటారు. పండగ ముందురోజు, తొలేళ్ళ రాత్రికి ఎవరు ఎక్కడ పడుకుంటారో, మర్నాడు ఎన్ని గ్లాసుల బియ్యం పొయ్యాలో, చుట్టాల పిల్లల్లో ఎవరికి పాలు పడవో, ఇవన్నీ ఎవరి తలలో ఉన్నాయి?

మన దేశంలో 2024లో జరిగిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఇంటి పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. నీ రాత్రి రెండింటి మెలకువ ఆ 289లో లేదమ్మా. అది నిద్ర ఖాతాలోకే పోతుంది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? "మీవారిని కాస్త సాయం చెయ్యమని అడుగు" అని నేను చెప్పను. సాయం అన్నంతసేపూ ఆ పని నీదే, ఆయన చెయ్యి వేస్తారంతే, ఎప్పుడు వెయ్యాలో మళ్ళీ నువ్వే చెప్పాలి. పనిలో ముక్క కాదు, పని మొత్తం ఇచ్చెయ్యి, గుర్తుపెట్టుకోవడంతో సహా. ఉదాహరణకి పిల్లల బట్టలు. "ఈ రెండు జతలూ ఇస్త్రీకి ఇచ్చిరండి" కాదు. యూనిఫాం చిన్నదైందో లేదో చూడడం, సాక్సుల్లో రెండోది వెతకడం, ఎల్లో డే ఎప్పుడో డైరీలో చూడడం, ఆగస్టు 15కి తెల్లబట్టలు ఉన్నాయో లేదో చూసుకోవడం, ఇస్త్రీకి ఇవ్వడం, తేవడం, మొత్తం ఆయనదే. రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చే మనిషి చెయ్యగలిగిందే ఇది. గ్యాస్, కరెంటు బిల్లు, స్కూల్ ఫీజు కూడా పూర్తిగా ఆయనకే వదిలెయ్యి. రైల్లో గంటపైగా ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా.

కష్టం ఆ తర్వాత మొదలవుతుంది, అదేమిటో నాకు తెలుసు. మా పిల్లలు చిన్నప్పుడు, మేం అయ్యకోనేరు గట్టు దగ్గర అద్దెకి ఉన్న రోజుల్లో, టీకాల కార్డు మావారి చేతికిచ్చి "ఇక ఇది మీది" అన్నాను. అన్నానే గానీ వారానికోసారి "తేదీ చూశారా" అని అడుగుతూనే ఉన్నాను. అంటే కార్డు ఆయన దగ్గరుంది, బరువు నా దగ్గరే ఉంది. చివరికి ఒకసారి పళ్ళు బిగించి అడగడం మానేశాను. అయిదేళ్ళకి వేయించాల్సిన డీపీటీ బూస్టర్ పదిరోజులు ఆలస్యమైంది. ఆ పదిరోజులూ నాకు నిద్రలేదు. కానీ ఆయనే వెళ్ళి వేయించారు, ఆలస్యమైనందుకు అక్కడి నర్సమ్మతో ఆయనే మాట పడ్డారు, ఆ తర్వాత ఎప్పుడూ నేను గుర్తుచెయ్యాల్సిన పని పడలేదు. ఆ మాట నేను పడి ఉంటే మాత్రం కార్డు మళ్ళీ నా బీరువాలోకే వచ్చేది.

కాబట్టి పాప ఒకరోజు పసుపు గౌను లేకుండా బడికి వెళ్తే వెళ్ళనీ. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, పాపకీ నీకూ. అప్పుడు నువ్వు పరుగెత్తి సర్దెయ్యకు. నాకు తెలిసిన ఇళ్ళలో చాలాచోట్ల మార్పు ఇక్కడే ఆగిపోయింది, భర్త చెయ్యనన్నందుకు కాదు, మనం ఆ ఒక్కరోజు ఓర్చుకోలేకపోయినందుకు. ఇందులో మన తప్పు తక్కువ. గౌను లేకపోతే టీచరు నాన్నని అడగదు, అమ్మని అడుగుతుంది. నువ్వూ టీచర్‌వే కదా, నీ క్లాసులో పిల్లవాడు పుస్తకం తేకపోతే "మీ అమ్మ చూసుకోలేదా" అనడం రేపటినుంచి నువ్వు మానెయ్యి. "ఇంట్లో ఎవరు చూస్తారు నీ పుస్తకాలు" అని అడుగు.

గోడ క్యాలెండర్ ఉంది కదా, పాల లెక్కా గ్యాస్ వచ్చిన తేదీ రాసుకునేది, దాన్ని వంటింట్లోంచి తీసి హాల్లో తగిలించు. ఆదివారం పొద్దున్న టిఫిన్లయ్యాక పావుగంట అందరూ దాని ముందు నిలబడండి, అత్తయ్యగారితో సహా. వచ్చే వారంలో ఏమేం ఉన్నాయో రాసి, పక్కన ఎవరు చూస్తారో పేరు రాయండి. నీ తలలో ఉన్నది గోడ మీదకి వస్తేనే మిగతావాళ్ళ కంటికి కనిపిస్తుంది. మూడో తరగతి బాబు తన క్యారేజీ తనే కడుక్కోగలడు, నీళ్ళ సీసా తనే నింపుకోగలడు. మగపిల్లాడని వదిలెయ్యకు, ముఖ్యంగా మగపిల్లాడినే వదిలెయ్యకు.

సిరిమాను సంగతి. అమ్మవారి పండగంటే ఈ ఊళ్ళో ఇల్లు నిండకుండా ఉండదు, ఉండకూడదు కూడా. కానీ పదిమందికీ మూడు పూటలా నువ్వే వండాలని పైడితల్లమ్మ అడగలేదు. మంగళవారం మధ్యాహ్నం ఒక్కపూట ఇంట్లో వండు, మిగతాది బయటినుంచి తెప్పించే బాధ్యత మీవారిదే అని ఇప్పుడే చెప్పెయ్యి. దుప్పట్లు లెక్కపెట్టే పని అత్తయ్యగారికి అప్పజెప్పు. ఏ చుట్టం ఎలా పడుకుంటాడో నీకంటే ఆవిడకే బాగా తెలుసు, సంతోషంగా చేస్తారు.

ఒక్క మాట మర్చిపోకముందే. ఊపిరాడనట్టు ఉందన్నావు. తలలో బరువు ఒక్కటే కారణం కాకపోవచ్చు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా ఇలాగే నీరసం, మతిమరుపు, చిరాకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అంటే మన స్టాఫ్‌రూమ్‌లో సగానికి సగం. ఈ వారంలోనే వెళ్ళి రక్తపరీక్ష చేయించుకో. భోజనమవగానే టీ తాగే అలవాటుంటే గంటైనా ఆగి తాగు, ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను బొబ్బిలి నుంచి రాస్తున్నాను. మగవాణ్ణి, మీ శీర్షికకి మగవాళ్ళు రాస్తారో లేదో తెలియదు. ఇంట్లో ఏ పని చెప్పినా చేస్తాను, కూరలు తెస్తాను, పాపకి స్నానం చేయిస్తాను, నాకు నామోషీ లేదు. అయినా నా భార్య ఎప్పుడూ చిరాకుగానే ఉంటోంది. "చెప్తే చేస్తాను కదా, చెప్పకుండా నాకెలా తెలుస్తుంది" అంటే ఇంకా కోపం. మొన్నయితే ఏడ్చేసింది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: రాస్తారండీ, ఇంకా ఎక్కువమంది రాయాలి కూడా. అడిగినందుకు సంతోషం.

పై ఉత్తరానికి నేను రాసింది చదివారు కాబట్టి సగం జవాబు మీకు దొరికే ఉంటుంది. "చెప్తే చేస్తాను" అంటే, గుర్తుపెట్టుకోవడం నీది, చేసి పెట్టడం నాది అని. మీ ఆఫీసులో ఒక ఉద్యోగి రోజూ పొద్దున్నే వచ్చి మీ బల్ల ముందు నిలబడి "ఏం చెయ్యమంటారు" అని అడిగితే, చెప్పిందొక్కటి చేసి మళ్ళీ వచ్చి నిలబడితే, సాయంత్రానికి మీకెలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. అతను సోమరి కాదు, మంచివాడే. కానీ అతని పని కూడా మీరే ఆలోచించి పెట్టాలి.

చెప్పకుండా ఎలా తెలుస్తుంది అన్నారు. ఆవిడకి ఎవరు చెప్పారండీ? పాపకి చెప్పులు బిగుతవుతున్నాయని ఎవరూ చెప్పలేదు, కాలి వేళ్ళ మీద ఎర్రగా కందితే చూసింది. బియ్యం అడుగంటాయని డబ్బా చెప్పదు, మూత తీసినప్పుడు చూసింది. ఇది ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చే విద్య కాదు. చూడకపోతే మాట పడాలి కాబట్టి నేర్చుకున్నారు. మీరూ నేర్చుకోవచ్చు. ఈ వారం ఏ పనీ అడక్కండి. ఒక సాయంత్రం వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూడండి, ఏది తగ్గిందో మీరే రాసుకుని మీరే తెండి. కందిపప్పు ఏ రకం అని షాపులోంచి ఫోన్ చెయ్యకండి, డబ్బాలో ఉన్నది చూసి వెళ్ళండి. పాప బడి సంచీ రోజూ మీరే తెరిచి డైరీ చదవండి. ఇక ఆ సంచీ మీది, పదో తరగతి దాకా.

ఆమె వెంటనే నమ్మకపోవచ్చు. రెండు వారాలు చేసి మానేస్తారేమోనని మీ వెనకే తనూ చూసుకుంటుంది. విసుక్కోకండి. ఆ నమ్మకం కుదరడానికి ఒక పరీక్షలన్నా గడవాలి, ఒక జ్వరమన్నా గడవాలి. ఆమె ఏడ్చింది మీరు చెడ్డవారని కాదండీ, మంచివారై ఉండి కూడా తన బరువు మీకు కనిపించలేదని.

ప్రశ్న: అప్పా, మాది టెక్కలి దగ్గర పల్లె. మా ఆయన చెన్నైలో వెల్డింగ్ పని, ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఇద్దరు పిల్లలు, పెద్దోడు ఆరో తరగతి, చిన్నది మూడున్నరేళ్ళు. మా అత్తకి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నేనే తీసుకెళ్తాను. పోయినసారి పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు ఖాతాకి ఆధార్ లింక్ కాలేదని పడలేదు, గ్రామ సచివాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. పనులు పంచుకోమని మీరు రాస్తారు. ఇంట్లో మనిషే లేకపోతే ఎవరితో పంచుకోను?

జవాబు: చెల్లీ, నీ ప్రశ్న చదివాక చాలాసేపు కలం పట్టుకోలేదు. ఉద్దానం వైపు ఎన్ని ఇళ్ళలో ఇదే కథో మనకందరికీ తెలుసు. మగవాళ్ళు వలసలో, పెద్దవాళ్ళు డయాలసిస్ మంచం మీద, మధ్యలో ఒక్క ఆడమనిషి. నీకు తేలిక మాటలు చెప్పను.

కానీ ఒకటి ఆలోచించు. అత్తని ఆటో ఎక్కించడం చెన్నైలో ఉన్న మనిషి చెయ్యలేడు. డయాలసిస్ రోజేదో, మందులు ఎన్నిరోజులకి సరిపోతాయో, ఆటో అతనికి ముందురోజు ఫోన్ చెయ్యాలో లేదో, ఇవి గుర్తుపెట్టుకోవడానికి టెక్కలిలో ఉండక్కర్లేదు. చేతులతో చేసే పనికి మనిషి ఇంట్లో ఉండాలి, తలతో చేసే పని చెన్నై నుంచైనా చెయ్యొచ్చు. రోజూ రాత్రి ఫోన్ చేస్తాడు కదా, "తిన్నావా, పిల్లలు పడుకున్నారా" అని. ఈ రాత్రి నువ్వు అతనికి చెప్పు: రేపటినుంచి ఆటో అతనితో మాట్లాడేది నువ్వే, అత్త మందుల లెక్క నువ్వే, స్కూల్ వాట్సాప్ గ్రూపులో నా నంబరు తీసి నీ నంబరు పెట్టిస్తున్నాను, ఏదైనా ఉంటే నాకు నువ్వు చెప్పు. గ్యాస్ బుకింగ్, రీచార్జి, సంఘం వాయిదా తేదీ, అన్నీ అతని ఫోన్‌లోకి పోనీ. మొదట్లో తడబడతాడు. అయినా ఇల్లు తనదని దూరంలో ఉన్న మనిషికీ అనిపించాలిగా, డబ్బు పంపడం ఒక్కటే అయితే అతనికీ అది వెలితే.

తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది కాబట్టి బ్యాంకుకి నువ్వు వెళ్ళక తప్పదు. ఊరికే ఆధార్ ఇచ్చి రాకు, "డబ్బు పడేలా ఎన్‌పీసీఐ లింక్ అయిందా" అని ఆ మాటే వాడి అడుగు. ఖాతాకి ఆధార్ ఇవ్వడం వేరు, ఈ లింక్ వేరు, చాలామందికి ఆగిపోయింది అక్కడే. పెద్దోడి హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకో, అది కూడా లెక్కలోకి వస్తుంది. డయాలసిస్ రోజుల్లో వాణ్ణి ఇంటి దగ్గర కాపలా పెడుతున్నావేమో అని అనుమానం వచ్చి చెప్తున్నాను. అలా పెట్టకు. చిన్నదాన్ని అంగన్‌వాడీకి పంపు, మూడేళ్ళు దాటింది కాబట్టి అక్కడ ఆటపాటలూ ఉంటాయి, మధ్యాహ్నం భోజనమూ ఉంటుంది.

మీ డ్వాక్రా సంఘంలో ఇంకెవరింట్లోనైనా డయాలసిస్ మనిషి ఉంటారు, మీ వైపు ఉండకుండా ఉండరు. ఒకే రోజు పడేలా అడిగి, ఒక వారం నువ్వు ఇద్దరినీ తీసుకెళ్ళు, ఒక వారం ఆమె తీసుకెళ్తుంది. ఆమె వంతు వచ్చిన వారంలో నీకు ఒక పూటైనా దొరుకుతుంది. ఆ పూట బట్టలు ఉతక్కు. పడుకో.

ప్రశ్న: అక్కా, రాజాం నుంచి. బాబు పుట్టి మూడు నెలలు. పుట్టింట్లోనే ఉన్నాను. అమ్మ అన్నీ చేస్తోంది. అయినా నాకు ఏడుపు ఆగట్లేదు, బాబుని ఎత్తుకోవాలనిపించట్లేదు, నేను లేకపోతేనే వాడికి బాగుంటుందేమో అనిపిస్తోంది. అమ్మతో చెప్తే దిష్టి తగిలిందని తీయిస్తోంది. ఎవరికీ చెప్పకండి.

జవాబు: తల్లీ, నీ పేరు ఎక్కడా రాదు. కానీ నీ ఒక్కదానికే కాదు, ఇలా లోపల్లోపలే ఏడుస్తున్న ప్రతి బాలింతకీ చేరాలని అచ్చు వేస్తున్నాను.

కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటి ఉంటే అది జబ్బు, జ్వరంలాంటి జబ్బే. నీకు బాబు మీద ప్రేమ లేక కాదు. మనలాంటి దేశాల్లో కాన్పు తర్వాత అయిదుగురిలో దాదాపు ఒకరికి మానసికంగా ఇబ్బంది వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో ఎక్కువ ఇదే, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. మందు ఉంది, తగ్గుతుంది, బాబుకి పాలిస్తూ వాడగలిగే మందులూ డాక్టర్ల దగ్గర ఉన్నాయి. అమ్మని దిష్టి తియ్యనీ, అది ఆవిడ ప్రేమ, తప్పు పట్టకు. డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్ళాల్సిందే.

నువ్వు లేకపోతే బాగుంటుందన్న ఆలోచన వచ్చిందన్నావు కాబట్టి రేపటిదాకా ఆగకు. ఇప్పుడే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు. మాటలు రాకపోతే నాకు రాసిన నాలుగు వాక్యాలే వాళ్ళకి చదివి వినిపించు. మీ ఆయనకి ఫోన్ చేసి ఈరోజే రమ్మను. అతను వచ్చేదాకా గదిలో ఒంటరిగా ఉండకు, అమ్మ పక్కనే ఉండు. ఈ పేజీ అమ్మకి చూపించు. అమ్మా, మీరు చదువుతుంటే, అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి మానసిక వైద్యుల దగ్గర చూపించండి, బాబుని మీరు ఎత్తుకుని పక్కనే కూర్చోండి. డాక్టర్‌ని చూశాక నాకు ఒక్క ముక్క రాయి తల్లీ, ఎదురుచూస్తుంటాను.